కట్టుకునేదాన్ని

చీకట్లో కూర్చుని భయపడటానికి జనం డబ్బిచ్చి టికెట్టు కొనుక్కుంటారంటే నాకు వింతగా ఉండేది. ఆ భయం నాకు ఇంట్లోనే, పట్టపగలే, ఊరికే దొరికేది.

తొంభైల మొదట్లో ఫిల్మ్‌నగర్‌కి డబ్బింగ్ చెప్పడానికి వెళ్ళేదాన్ని. ఈ వాక్యం రాయడానికి ఇప్పుడు నాకు ఏ ఇబ్బందీ లేదు. అప్పట్లో అయితే గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. తెలుగులో ‘వెళ్తాను, వచ్చాను, తిన్నాను’ అన్నంతసేపూ మాట్లాడే మనిషి ఆడో మగో తెలియదు. ఆ మాటల చాటున ఎంతకాలమైనా దాక్కోవచ్చు. పాత అలవాటేదైనా చెప్పబోయామా, దొరికిపోతాం. ‘వెళ్ళేవాణ్ణి’ అనాలి, లేదా ‘వెళ్ళేదాన్ని’ అనాలి. నన్ను మగపిల్లాడనే పెంచారు, మగపేరే పెట్టారు, మగపిల్లల బళ్ళోనే వేశారు. నేను ఆడపిల్లనని నాకొక్కదానికే తెలుసు. అందుకని ఆ రెండు మాటల దగ్గరికి వచ్చేసరికి నా నాలుక, పెళ్ళింటి గుమ్మంలో చెప్పులు వెతుక్కునే మనిషిలా తడబడేది.

చిన్నప్పుడు ఆ తడబాటు లేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్క. నాకంటే పదేళ్ళు పెద్దది. కృష్ణా జిల్లాలో మా ఊళ్ళో మధ్యాహ్నాలు అక్కా, అక్క స్నేహితురాళ్ళూ వసారాలో కూర్చుని కుట్లు కుట్టుకునేవాళ్ళు, వాళ్ళ మధ్యలో నేను. వాళ్ళ మాటలే నా మాటలు. ఒకరోజు నాన్న ముందు, “నేను రోజూ అక్కకి జడ వేసేదాన్ని” అన్నాను. నాన్న బళ్ళో పంతులు. చేతిలో ఉన్న స్కేలుతో పిక్కల మీద వాతలు తేలేలా కొట్టారు. ఆ సాయంత్రం అక్క నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, వాతలకి కొబ్బరినూనె రాస్తూ పాఠం చెప్పింది. “వాణ్ణి అనాలిరా. వేసేవాణ్ణి, వచ్చేవాణ్ణి, తినేవాణ్ణి. నాన్న ముందు మర్చిపోకు” అంది. తను ఏడుస్తూనే నా చేత మళ్ళీ మళ్ళీ చెప్పించింది. అంతకుముందు ఎవరూ లేనప్పుడు అక్క నన్ను ‘ఏమే, ఇలా రావే’ అని ముద్దుగా పిలిచేది. ఆ రోజు నుంచి అదీ మానేసింది.

ఆ తర్వాత నేను ‘వాణ్ణి’ అననూ లేదు, ‘దాన్ని’ అననూ లేదు. వాక్యాన్ని పక్కకి తిప్పేయడం నేర్చుకున్నాను. ‘బడికి నడిచి వెళ్ళేవాణ్ణి’ అనాల్సిన చోట ‘బడికి నడకే మాకు’ అనడం. ‘సినిమాలు బాగా చూసేవాణ్ణి’కి బదులు ‘సినిమాలంటే పిచ్చి ఉండేది’ అనడం. ఎవరూ కనిపెట్టలేదు. మహా అయితే వీడి మాట తీరు కాస్త వంకర అనుకుని ఉంటారు. డిగ్రీ అయ్యాక హైదరాబాదులో, వెంగళరావు నగర్‌లో ఉన్న అక్క ఇంటికి వచ్చేసరికి నాకు ఇంకో ఉపాయం దొరికింది. ఇక్కడి వాళ్ళు ‘పోతుంటి, చేస్తుంటి’ అంటారు. అందులో ఆడా లేదు, మగా లేదు. ఆ ఒక్క మాట కోసమే ఈ ఊరు నాకు నచ్చింది. కోస్తా నుంచి వచ్చిన నా నోట ‘పోతుంటి’ వింటే బావ పగలబడి నవ్వేవాడు, వీడు రెండ్రోజులకే హైదరాబాదీ అయిపోయాడని. నవ్వుకోనీ అనుకునేదాన్ని.

బావది ఆఫీసు ఉద్యోగం. మంచివాడే, నవ్వే మనిషి. ఏది మగతనమో ఏది కాదో మాత్రం ఆయనకి బాగా తెలుసునని ఆయన నమ్మకం. వాళ్ళకి ఆరేళ్ళ కూతురు. రోజూ బడికి వెళ్ళేముందు దువ్వెనా రిబ్బన్లూ పట్టుకుని అమ్మని కాదని నా దగ్గరికే వచ్చేది. మామయ్య వేస్తే పాపిడి తిన్నగా వస్తుందని దాని అభిప్రాయం. చల్లటి నూనె, చిన్న తల, రెండు జడలు. నాకు భయం లేని సమయం రోజు మొత్తంలో అదొక్కటే. బావకి నా సంగతి తెలిస్తే ఆ ఇంట్లో నాకు చోటుండదు, చోటు పోతే ఆ జడలు పోతాయి. నా భయమంతా అదే, అంతకంటే పెద్దదేం కాదు.

ఫిల్మ్‌నగర్‌లో నా పని గుంపు గొంతులు. తెర మీద పెళ్ళి జరుగుతుంటే పేరంటాళ్ళ మాటలు, బజారు సీనులో బేరాలు, ఆస్పత్రి సీనులో ఏడుపులు. మైకు చుట్టూ నలుగురం నిలబడి నలభై మందిమయ్యేవాళ్ళం. ఆడవాళ్ళు ఒకరు తక్కువైతే ‘నువ్వందుకో’ అని నాకే చెప్పేవారు. వాళ్ళు నవ్వులాటగా చెప్పేవారు, నేనూ నవ్వులాటగానే అందుకునేదాన్ని. ఆ కాసేపు నా అసలు గొంతు చీకట్లో నలుగురి గొంతుల్లో కలిసి బయటికి వచ్చేది. అదే నా సుఖం. అది నాదేనని ఎవరైనా పట్టేస్తారేమోనన్నదే నా దిగులు.

జూబ్లీహిల్స్ అప్పటికింకా సగం బండలే. చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగి నడుస్తుంటే ఎక్కడో ఒకచోట ఇంటి పునాదికి రాళ్ళు పేల్చేవాళ్ళు. ఎర్రజెండా మనిషి ఈల వేస్తే ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోవాలి. స్టూడియోలోనూ అంతే. తలుపులు ఎంత మందంగా ఉన్నా ఆ పేలుడు మైకులోకి వచ్చేది. ఎంత మంచి టేకు అయినా పారేసి మళ్ళీ చెప్పాల్సిందే.

ఒకరోజు స్టూడియో బయట టీ తాగుతుంటే ఒక దర్శకుడు వచ్చి పక్కన నిలబడ్డాడు. గుంటూరు వైపు మనిషి, ఇదే మొదటి సినిమా. వరసగా అమ్మాయిలను చంపే హంతకుడి కథ. ఆ హంతకుడు చీర కట్టుకుని, విగ్గు పెట్టుకుని వస్తాడు. వేషం వేసినాయన వేరే భాష నటుడు, తెలుగు రాదు, గొంతు కావాలి. “మగగొంతు వద్దండీ, ఆడగొంతూ వద్దు. నిన్న గుంపులో ఒకటి వినపడింది, ఎవరిదా అని కనుక్కుంటే మీదన్నారు. ఆ గొంతు కావాలి నాకు” అన్నాడు.

 గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అదేదో ఊరికే మిమిక్రీ అండీ అన్నాను, ఆయన అడక్కుండానే. ఆయనకి నాతో పని లేదు, హంతకుడితోనే పని. “వాడు ఆడా కాదు, మగా కాదండీ. జనాన్ని భయపెట్టేది అదే” అని ఉత్సాహంగా వివరించుకుంటూ పోయాడు. నేను తలూపుతూ నిలబడ్డాను. ఒప్పుకోకపోతే ఎందుకొద్దంటున్నావనే ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకి జడిసి ఒప్పుకున్నాను.

ఆ సినిమాలో చీర కట్టింది హంతకుడొక్కడే కాదు. మొదటి సగంలో హాస్యనటుడూ కడతాడు, అమ్మాయిల హాస్టల్లోకి దూరడానికి. చిన్న బడ్జెట్టు కదా, కాస్ట్యూమ్స్ వాళ్ళు ఇద్దరికీ ఒకే చీర సర్దేశారు. ఆకుపచ్చ మీద పసుపు అంచు. నేను వెళ్ళిన రోజు పొద్దున హాస్యనటుడి డబ్బింగు. అద్దం అవతల సౌండ్ ఇంజినీరు కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. భోజనాలయ్యాక అదే చీర, నా వంతు. మన సినిమాల్లో ఆ చీర కట్టిన మనిషి ఇంటర్వెల్‌కి ఇవతల ఉంటే నవ్వాలి, అవతల ఉంటే అరవాలి. దర్శకుడు ఏ గట్టున నిలబెడితే అక్కడ. చీర కట్టుకుని కూరగాయలకి వెళ్ళే మనిషి, పిల్లకి జడ వేసే మనిషి ఈ గట్టునా లేదు, ఆ గట్టునా లేదు. ఆ రోజు నాకింత తెలివిగా తోచలేదు లెండి. అన్నం ముట్టలేదు, అంతే.

డబ్బింగులో అప్పుడొక పద్ధతి ఉండేది. సినిమాని ముక్కలు చేసి, ఒక్కో ముక్క మొదలూ చివరా అతికించి తిప్పేవాళ్ళు. లూప్ అనేవాళ్ళం. మాట పెదవులకి అతికేదాకా ఆ ముక్క తెర మీద తిరుగుతూనే ఉంటుంది. అప్పటికింకా సంగీతం చేరదు. భయపెట్టే వయొలిన్లు ఉండవు, ఉరుములు ఉండవు. ప్రొజెక్టరు చప్పుడూ మన ఊపిరీ, అంతే.

మొదటి లూప్ అద్దం సీను. హంతకుడు అద్దం ముందు నిలబడి కుచ్చిళ్ళు సర్దుకుంటాడు, పైట భుజం మీద వేసి పిన్ను పెట్టుకుంటాడు, తనలో తను ఏదో గొణుక్కుంటాడు. ఆ గొణుగుడు నేను చెప్పాలి. కత్తి తర్వాతి ముక్కలో ఉంది, ఈ ముక్కలో లేదు. కాబట్టి ఆ మనిషి ఎవరినీ చంపడానికి వెళ్ళదు. పిన్ను పెట్టుకుంటుంది, అద్దంలో చూసుకుంటుంది, మళ్ళీ మొదటికొచ్చి కుచ్చిళ్ళు సర్దుకుంటుంది. ఆ నటుడెవరో గానీ, పిన్ను పళ్ళ మధ్య పట్టుకుని పైట మడతలు పెట్టిన తీరు చూస్తే మా అక్క గుర్తొచ్చింది. నాలాంటి మనిషి చీర కట్టుకోవడం అంత పెద్ద తెర మీద, ఎవరూ నవ్వకుండా, ఎవరూ అరవకుండా చూడటం నాకదే మొదలు. కళ్ళు తిప్పుకోలేకపోయాను. మాట అతికినా అతకలేదని చెప్పి ఇంకోసారి తిప్పించాను.

ఆ మైకంలోనే రెండో లూప్ వచ్చింది. హీరోయిన్‌ని కుర్చీకి కట్టేసి హంతకుడు తన కథ చెప్పుకుంటాడు. కాగితం మీద, ‘చిన్నప్పుడు అమ్మ చీర కట్టుకునేవాణ్ణి, అమ్మ కొట్టేది’ అని ఉంది. పక్కకి తిప్పడానికి వీల్లేదు, పెదవులు ఒప్పుకోవు. రిహార్సల్లో చేదుమాత్ర మింగినట్టు ఆ మాట చదివేశాను. టేకులో మాత్రం, ఇన్నేళ్ళు నేను కాపలా కాసిన నాలుక నన్నడక్కుండా తన దారిన పోయింది. “చిన్నప్పుడు అమ్మ చీర కట్టుకునేదాన్ని” అన్నాను.

  ఎక్కడైనా ఒక్క రాయి పేలితే బాగుండు, టేకు చెడిపోతుంది అనుకున్నాను. ఆ మధ్యాహ్నం జూబ్లీహిల్స్‌లో ఒక్క రాయీ పేలలేదు. చివరికి స్పీకర్లో ఇంజినీరు గొంతు వచ్చింది. షేక్‌పేట అతను, నెమ్మదస్తుడు.

“అన్నా, కాయితంల వాణ్ణి అని ఉన్నది. నువ్వు దాన్ని అన్నవ్. మళ్ళ చేద్దమా?”

చేద్దాం చేద్దాం, నోరు జారింది అన్నాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. మా వృత్తిలో అదీ తీసుకోవచ్చు. చెరిపేసి మళ్ళీ చెప్పొచ్చు. ఆ ధైర్యంతోనే మైకు ముందు నిలబడగలిగేదాన్ని. దర్శకుడు ఆ ధైర్యం కూడా మిగల్చలేదు. “వద్దు, అదే ఉంచండి. నాకే ఒళ్ళు జలదరించింది” అన్నాడు. బయటికొస్తుంటే ఇంజినీరు నా వంక ఒక క్షణం ఎక్కువ చూశాడు. లేకపోతే నాకే అలా అనిపించిందేమో. ఆ తర్వాత షేక్‌పేట వైపు నుంచి ఏ స్కూటరు వచ్చినా అతనిదేననుకుని తల దించుకునేదాన్ని.

సినిమా విడుదలయ్యేలోపు నేను అన్నిటికీ ఉలిక్కిపడటం మొదలుపెట్టాను. యూసుఫ్‌గూడ బజారులో అంగళ్ళ ముందు చప్పట్లు కొడుతూ దీవెనలిచ్చే వాళ్ళు కొందరు వచ్చేవారు, చీరలు కట్టుకుని, కొప్పుల్లో పూలు పెట్టుకుని. దూరాన చూస్తేనే రోడ్డు దాటేసేదాన్ని. ఒకరోజు దాటేలోపే ఒకామె ఎదురొచ్చింది. పెద్దావిడ. నన్ను కిందా పైకీ చూసి, చప్పట్లు ఆపి, “జర నిమ్మళంగా పో బిడ్డా, గంత భయమెందుకు?” అంది. ఆమె మెల్లగానే అంది. నాకు మాత్రం బజారంతా విన్నట్టే అనిపించి, సందుల్లో పడి ఇంటిదాకా ఆగకుండా నడిచాను.

తర్వాత గోడల మీద పోస్టర్లు వచ్చాయి. ఆకుపచ్చ చీర, చేతిలో కత్తి, పైన పెద్ద అక్షరాల్లో ‘వాడా? అదా?’ అని. అక్క కూతురికి అప్పుడే అక్షరాలు కూడబలుక్కోవడం వస్తోంది. బస్టాపులో నా వేలు పట్టుకుని నిలబడి ఆ పోస్టరు చదివింది. “అది అంటే ఎవరు మామయ్యా?” అని అడిగింది. ఎవరూ కాదమ్మా అన్నాను. దాన్ని పోస్టరు కనపడని వైపుకి తిప్పి నిలబెట్టాను.

ఆదివారం మ్యాట్నీకి బావే టికెట్లు తెచ్చాడు. మా బావమరిది గొంతు అని అప్పటికే ఆఫీసంతా చెప్పుకున్నాడట. చెత్త సినిమా అన్నాను, అక్క జడుసుకుంటుందన్నాను, నాకు తలనొప్పన్నాను. వినలేదు. పిల్లని పక్కింట్లో ఉంచి ముగ్గురం అమీర్‌పేట వెళ్ళాం. అక్క మా ఇద్దరి మధ్యా కూర్చుంది.

మొదటి సగంలో హాస్యనటుడు ఆకుపచ్చ చీరలో వచ్చాడు. బావకి నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. అక్క కూడా పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంటర్వెల్లో సమోసాలు తిన్నాం. లైట్లు ఆరాక అదే చీర అద్దం ముందుకు వచ్చింది. నాకు తెలిసిన సీను కాదది. కుచ్చిళ్ళ మీద వయొలిన్లు, పైట మీద ఉరుము, పిన్ను పెట్టుకుంటుంటే గాజు మీద మేకు గీసినట్టు ఒక కీచు. ముందు వరసలో ఒకావిడ పిల్లాడి కళ్ళు మూసింది. వెనక నుంచి ఎవడో ఒక మాట అరిచాడు. బళ్ళో నన్ను చూసి అరిచిన మాటే. హాలంతా ఆ మనిషిని చూసి భయపడుతోంది, నేను హాలుని చూసి భయపడుతున్నాను. అక్కకి భయమేస్తే పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోవడం చిన్నప్పటి అలవాటు. నా మణికట్టు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

అప్పుడు ఆ మాట వచ్చింది. దర్శకుడు దానికి ప్రతిధ్వని కలిపాడని నాకు తెలియదు. కట్టుకునేదాన్ని... దాన్ని... దాన్ని... అని నా గొంతు నాలుగు గోడలకీ తగిలి తిరిగింది. ఎవరో కెవ్వుమన్నారు. బావ ముందుకి వంగి నా వైపు చూసి, అదరగొట్టావన్నట్టు తలూపాడు. అక్క చెయ్యి నా మణికట్టు మీద నుంచి జారింది. విదిలించలేదు. మెల్లగా తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత తెర మీద ఎన్ని హత్యలు జరిగినా మళ్ళీ పట్టుకోలేదు. చివర్లో హీరో ఆ విగ్గు ఊడబీకి, చీర కొంగు పట్టుకుని ఈడ్చి హంతకుణ్ణి చంపాడు. జనం లేచి నిలబడి ఈలలు వేశారు.

మర్నాడు పొద్దున్న పిల్ల దువ్వెనా రిబ్బన్లూ పట్టుకుని ఎప్పటిలాగే నా ముందు కూర్చుంది. అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, “ఇలా రా, నేను వేస్తాను” అని దాన్ని తన వైపు తిప్పుకుంది. మామయ్యే వెయ్యాలని పిల్ల గునిసింది. అక్క వినిపించుకోలేదు. పాపిడి వంకరగా వచ్చింది. అక్క చేతులు వణుకుతున్నాయి. నాకు చాలా రకాల భయాలు తెలుసు. నన్ను పెంచిన మనిషి నన్ను చూసి భయపడితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది, ప్రాణం పోయినంత పనైంది.

బావా పిల్లా వెళ్ళిపోయాక అక్క చేట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ, నా మొహం చూడకుండా అడిగింది.

“ఆ మాట వాళ్ళు రాసిచ్చారా?”

“లేదక్కా. నాదే.”

 ఆ ‘దాన్ని’ నేను మర్చిపోయాననుకుందట అక్క ఇన్నేళ్ళూ. పెరట్లో తను నేర్పింది నిలిచిందనుకుందట. మీ బావకి తెలిస్తే ఏమంటారో, కాలనీలో తెలిస్తే పిల్లతో ఎవరాడతారో అని ఒకదాని మీద ఒకటి చెప్పుకుంటూ పోయింది. రహమత్ నగర్‌లో గదులు కిరాయికి దొరుకుతాయని పనిమనిషి చెప్పిందట. అంటే పొద్దున్నే అడిగి కనుక్కుందన్నమాట. సరేనన్నాను. పిల్లని నీ దగ్గరికి రానివ్వకపోవడం నాకేమైనా ఇష్టమా అని ఏడ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని, అప్పుడు నా కళ్ళలోకి చూసింది.

“నిన్న వాణ్ణి చంపుతుంటే జనం ఎంత సంతోషంగా ఈలలు వేశారో విన్నావా?”

విన్నానన్నాను. పొద్దున్న ఆ చేతులు వణికింది నన్ను చూసి మాత్రమే కాదని అప్పుడర్థమైంది. అందులో నన్ను చూసి ఎంతో, నా కోసం ఎంతో, తనకీ తెలిసి ఉండదు. నేనూ అడగలేదు.

ఆ వారంలోనే గది కుదిరింది. స్టూడియోకి దగ్గరని బావకి చెప్పాం, నమ్మాడు. పిల్ల బడి నుంచి రాకముందే బయల్దేరాను. చింతకాయ పచ్చడి సీసా పాత చీరపేలికలో చుట్టి నా సంచీలో పెట్టి అక్క గేటు దాకా వచ్చింది. ఎదురింటావిడ డాబా మీద బట్టలు ఆరేస్తోంది. అక్క అటొకసారి చూసి, గొంతు బాగా తగ్గించింది.

“జాగ్రత్తగా ఉండవే.”

ఉండరా అనలేదు. వాతలకి నూనె రాసిన సాయంత్రం మానేసిన పిలుపు అది. అనేసి, అన్నందుకే బెదిరినట్టు గబగబా లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుంది. నేను సంచీ భుజాన వేసుకుని బస్టాపు వైపు నడిచాను. ఒక్కసారి వెనక్కి తిరిగి ఆ ఇంటి వైపు చూడాలనిపించింది. చూస్తే, నోరు జారిందని ఆ మాట వెనక్కి తీసుకుంటుందేమోనని భయమేసి, తిరగలేదు.